గౌరి నోట మాట

శాంతా,

నువ్వు చదవవని తెలిసీ రాస్తున్నాను. ఈరోజు మన గౌరిని ఆదోనిలో సంగీతం నేర్పే టీచరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను.

నువ్వు పోయాక దానికి నత్తి బాగా ముదిరింది. పిల్లలు నవ్వుతున్నారని బడి మానేసింది. చూపించని డాక్టరు లేడు. పాడితే నత్తి తగ్గుతుందని ఎవరో అన్నారు. ఇది కూడా కాకపోతే నాకింక దారి లేదు.

పొద్దున తలకు నూనె రాసి జడ వేస్తూ, "టీచరమ్మ పేరడిగితే ఏం సెప్తావు తల్లీ?" అన్నాను.

"గ... గ..." అని ఏడ్చేసింది. "నేను ప... పోను నాయనా."

బతిమాలాను, కసిరాను. చివరికి ఎత్తుకునే ఎమ్మిగనూరులో బస్సెక్కాను.

అక్కడ అది నోరే తెరవలేదు. గంటసేపు నేల చూస్తూ కూర్చుంది. వచ్చేటప్పుడు టీచరమ్మ దాని గడ్డం పట్టుకుని, "మాట రాకుంటే రాగం తీసి సెప్పు పాపా. నవ్వేటోళ్ళని నవ్వనీ" అంది. గౌరి గడ్డం విడిపించుకుని నా వెనక దాక్కుంది. ఇదీ అయిపోయిందనుకున్నాను.

తిరుగు బస్సులో కండక్టర్, "యాడికి పాపా?" అని అడిగాడు.

"ఎ... ఎ..." అంది. అందరూ తిరిగి చూశారు. నేను చెప్పబోయేలోగా అది కళ్ళు మూసుకుని, "ఎమ్మిగనూరూ..." అని రాగం తీసింది. బస్సంతా నవ్వింది. అది తల దించుకోలేదు.

"నువ్వు యాడికప్పా?" అని కండక్టర్ నన్నడిగాడు. శాంతా, నాకు నోట మాట రాలేదు.

నీ
రామాంజి