పాలు పొంగిన మెటాడోర్

గుండ్లపోచంపల్లి

అక్కా,

ఇక్కడ మేము బాగున్నాం, నీ మోకాళ్ల సంగతి రాయి. బావ నడిపిన పాత మెటాడోర్‌ను షెడ్డులోంచి తీయించి, అందరం యాత్రలకు పోయేటట్టు లోపల ఇల్లులాగా చేయిస్తున్నాను. ఎండాకాలం ఆ రేకు కింద మన నెత్తులు ఎట్లా మాడేవో గుర్తుందా? బావ మాత్రం పాడుకుంటూ నడిపేవాడు, ఒక్క రాగమూ ఊరు దాకా నిలిచేది కాదు. ఇప్పుడు రేకు లోపల వేడి ఆపే నురుగు షీట్లు అతికించి, కింద కార్పెట్ పరిపించాను.

అది చూసి నీ మరదలు బాలమణి పొయ్యి పట్టుకొని బండెక్కింది. "ఇల్లంటున్నవ్ గద, పాలు పొంగియ్యకుండ గిండ్ల ఎట్ల నిద్రజేస్తవ్?" అంది. పాలు తూర్పుకే పొంగాయి, శుభమే. పొంగింది మాత్రం కొత్త కార్పెట్ మీదికి. ఎంత కడిగినా వాసన పోక ఆ మూల కోసి పారేశాము.

అది తలుపు పక్కన నువ్వు కూర్చునే మూల. బావ పోయినంక నువ్వు ఆ బండి ఎక్కనేలేదు. అక్కడ బావ గొంగడి పరుద్దామని నా ఆలోచన. ఉందా, పురుగు కొట్టిందా? పిల్లలకు దీవెనలు. గొంగడిని బస్సులో పార్సిల్ వేయకు, నువ్వే తీసుకొని రా.

నీ తమ్ముడు
యాదగిరి