నాలుగో తేదీ ఉత్తరం

కోయిలకుంట్ల,
14 సెప్టెంబరు 2024

ప్రియమైన చెల్లెలు శివలీలకు,

అక్క మహాదేవమ్మ దీవించి రాసేది. నిన్న నీ మొగుడు ఓబుళేశు ఫోన్ చేశాడు. నా చెవుల సంగతి నీకు తెలిసిందే. మిషన్ పెట్టుకుంటే గుయ్‌మంటుంది, తీసేస్తే ఏమీ వినపడదు. పక్కింటి ఉరుకుందు ఫోన్ తీసుకుని విని, నా చెవిలో అరిచి చెప్పాడు, నీ ఎడమ చెయ్యి విరిగిందని. అందుకే ఈ ఉత్తరం. నాకు ఏదైనా చెప్పాలంటే నువ్వూ ఉత్తరమే రాయి. ఇంటి సంగతులు వీధంతా వినేలా అరిపించుకోవడం నాకు ఇష్టం లేదు.

ఏమే, ఏనుగు మీద నుంచి పడ్డావా? జానెడు పీట మీద నుంచి జారి చెయ్యి ఆనించినంత మాత్రాన మణికట్టు విరుగుతుందా? చిన్నప్పుడు చింతకొమ్మ మీద నుంచి పడి, లంగా దులుపుకుని లేచి, నా ఒళ్ళోని చింతకాయలు లాక్కుని పారిపోయినదానివి. తిండి తినవు, అదీ నీ జబ్బు. పాలు మొగుడికీ పిల్లలకీ పోసి, నువ్వు డికాషన్ తాగి బతికావు. మన అమ్మా అంతే. నేను మాత్రం తక్కువా? అంగన్‌వాడీ టీచరుగా ముప్పై ఏళ్ళు గర్భిణులకు గుడ్లూ పాలూ పంచి, క్యాల్షియం మాత్రలు మింగమని ఉపన్యాసాలిచ్చి, ఇంటికొచ్చి తిన్నది రాత్రి మిగిలిన సంగటి.

నల్లేరు పచ్చడి చేయించుకో. మునగాకు తిను. పొద్దున కాసేపు ఎండలో నిలబడు. కట్టు విప్పేలోగా బిందె ఎత్తావని తెలిస్తే నేనే వచ్చి ఆ రెండో చెయ్యి కూడా విరిచిపోతాను.

కోపంతో, బెంగతో,
నీ అక్క


ఎర్రగుంట్ల,
26 సెప్టెంబరు 2024

ప్రియమైన అక్కకు,

నీ తిట్లు అందాయి. చదువుతుంటే సగం నొప్పి పోయింది. మీ మరిది కూడా ఊరుకోలేదు. "ఏమ్మే, పీట మీదనుంచి పడితే ఇరిగేకి నువ్వేమన్నా అప్పడమా?" అన్నాడు. అన్నాడే గానీ, వారం రోజులు సిమెంటు లారీ లోడుకు పోకుండా ఇంట్లోనే ఉండి వంట చేశాడు. ఆ వంట తినడం కంటే చెయ్యి విరగడమే నయం.

కట్టు కట్టిన డాక్టరుకు అనుమానం వచ్చి కడపలో ఒక డాక్టరమ్మ దగ్గరికి పంపాడు. అక్కడ పడుకోబెట్టి నడుము మీదుగా ఒక మిషన్ నడిపారు. నొప్పేమీ లేదు. కాగితం చూసి ఆమె, "అమ్మా, నీకు యాభై ఏండ్లు. నీ ఎముకలకు డెబ్బై దాటినాయి" అంది. ఎముకలు గుల్లబారాయట. వెన్నుపూస ఒకటి ఎప్పుడో నలిగిపోయిందట కూడా. నేనేమో గ్యాస్ నొప్పి అనుకుని సోడా తాగుతూ వచ్చాను.

తర్వాత ఆమె అడిగింది, "ముట్లు ఎప్పుడు ఆగిపోయినాయి?" అని.

"ముప్పైమూడేండ్లకే మేడమ్. గర్భసంచి తీపిచ్చుకున్యా."

"సంచి ఒకటే తీసినారా, అండాశయాలు గూడా తీసినారా?"

"నాకేం తెలుసు మేడమ్, మా యక్కకు తెలుసు" అన్నాను. ఆమె నవ్వలేదు. ముట్లు ఆగిన తర్వాత ఆడవాళ్ళ ఎముకలు పలచబడటం అందరికీ ఉండేదే, కానీ అండాశయాలు చిన్న వయసులోనే తీసేస్తే ఆ నష్టం పదిహేనేళ్ళు ముందుగానే మొదలవుతుంది అని చెప్పింది.

ఆపరేషన్ కాగితాలు నీ ట్రంకుపెట్టెలోనే ఉన్నాయి కదా. వెతికి పంపు. నా కోసమే కాదు. డోన్‌లో మన శివానికి ఆరు నెలలుగా ముట్టు ఎక్కువగా అవుతోంది. అక్కడి వాళ్ళు గర్భసంచి తీసేయమంటున్నారు. దానికి ముప్పై ఒకటే కదా, అక్కా. వద్దే అంటే, "నీకు పెద్దమ్మ చేపిచ్చింది, నువ్వు బాగనే ఉండావు గదా" అంటుంది. ఎనిమిదో తరగతి నుంచి పది దాకా నీ ఇంట్లో ఉండి చదివిన పిల్ల. దానికి నేను కన్నదాన్ని మాత్రమే, మాట చెల్లేది నీకు. నాకు ఏమేం తీశారో సరిగ్గా తెలిస్తే దానికి చెప్పగలను.

నీ జవాబు కోసం వాకిలి చూస్తూ,
లీల


కోయిలకుంట్ల,
8 అక్టోబరు 2024

ప్రియమైన లీలకు,

ఉత్తరం ఆలస్యమైంది. శనగ విత్తనం పనుల్లో పడ్డాం. వాన పడీ పడనట్టు పడి పోయింది, నల్లరేగడి పైన తడి, లోపల బూడిద. కూలీలు దొరకడం లేదు. మీ బావ మోకాళ్ళు పట్టుకుని నేనూ వస్తానంటాడు, వస్తే ఆయన్ను మోసుకురావడానికి ఇద్దరు కావాలి.

నీ కాగితాల సంగతి. ట్రంకుపెట్టెలో అడుగున చెదలు పట్టి అన్నీ పిండైపోయాయి, నా పదో తరగతి సర్టిఫికెట్టుతో సహా. అయినా కాగితాలెందుకు? నేను అక్కడే ఉన్నాను కదా. నీకు గర్భసంచి ఒక్కటే తీశారు. ఇంకేమీ తీయలేదు. నీ ఎముకలు తిండి లేక అరిగాయి, అంతే.

శివానిని తొందరపడొద్దను. ఇంకో డాక్టరుకు చూపించమను. అంతకంటే నేనేం చెప్పగలను, ఈ కాలం పిల్లలు.

డాక్టరమ్మ ఇచ్చిన మందులు మానకు. పెరుగు తిను. కూర్చుని లేచేటప్పుడు గోడ పట్టుకో.

నీ మంచి కోరే
అక్క


ఎర్రగుంట్ల,
28 అక్టోబరు 2024

ప్రియమైన అక్కకు,

పోనీలే, చెదలు తింటే తిన్నాయి. నీ మాట చాలు నాకు.

నా చేతి కట్టు విప్పారు. వేళ్ళు ఇంకా బిగుసుకునే ఉన్నాయి. వారానికొక మాత్ర ఇచ్చారు. దాని వైభోగం చూడాలి నువ్వు. పొద్దున్నే పరగడుపున, గ్లాసు నిండా మంచినీళ్ళతో మింగాలి. ఆ తర్వాత అరగంట పడుకోకూడదు, తినకూడదు, టీ ముట్టకూడదు. మొదటివారం తెలియక టీతో మింగి మళ్ళీ పడుకున్నాను. గుండెల్లో మంటెత్తి మిరపబజ్జీల బండి దిగమింగినట్టు అయింది. డాక్టరమ్మ తిట్టి, మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. క్యాల్షియం వేరే పూట వేసుకోవాలి. రోజూ అరగంట నడక. ఇక్కడ నడిస్తే సిమెంటు దుమ్ముకు చీర రంగు మారుతుంది, అయినా నడుస్తున్నాను. పోయిన ఎముక పూర్తిగా తిరిగి రాదట, ఉన్నది నిలబెట్టుకోవడమే అంది.

శివాని వినలేదు. పోయినవారం డోన్ పోయి రెండు రోజులుండి వచ్చాను. నీ మాటే చెప్పాను, పెద్దమ్మ ఇంకో డాక్టరుకు చూపించమంది అని. "వద్దని చెప్పిందా?" అంది. అలా అనలేదన్నాను. "సరే మరి" అంది. నవంబరు పదకొండు, సోమవారం ఆపరేషన్. దాని మొగుడు హనుమేష్ సెలవు పెట్టాడు.

నీ ఉత్తరం చదివాక నాకూ కాస్త ధైర్యం వచ్చింది. నాకు అండాశయాలు లోపల ఉండగానే ఎముకలు ఇలా అయ్యాయంటే, డాక్టరమ్మ భయపడినట్టు అది ఆపరేషన్ తప్పు కాదు కదా. తిండి తప్పే. దానికి బాగా తినిపించుకుంటాను.

అయినా ఎందుకో దిగులు పోవడం లేదు. నీకు రాస్తే తగ్గుతుందని రాస్తున్నాను.

నీ చెల్లెలు
లీల


కోయిలకుంట్ల,
4 నవంబరు 2024

లీలా, నా తల్లీ,

ఆపరేషన్ ఆపించు. ముందు ఆ పని చెయ్యి, తర్వాత తక్కినది చదువు.

చెదలు తినలేదు. కాగితాలు నా ముందే ఉన్నాయి. నీకు గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీశారు. తీయమని సంతకం పెట్టింది నేను.

నీకు గుర్తుందా, మీ అత్త నిన్ను ముట్టైనన్ని రోజులూ ఎద్దుల కొట్టంలో పడుకోబెట్టేది. వానాకాలం ఈగలు, చలికాలం చలి. నీకు ముట్టు పది రోజులకు తక్కువ కాకుండా పోయేది. ఒక నెల నేను వస్తే నువ్వు ఎద్దు పక్కన గోనెపట్టా మీద కూర్చుని చల్లటి సంగటి తింటున్నావు. "అక్కా, ఈ పీడ యాడన్నా పారేసి రాకూడదా" అన్నావు. మా ఊరి ఆర్ఎంపీ డాక్టరు, "సంచి తీపిచ్చేయ్ టీచరమ్మా, లేకపోతే క్యాన్సరైతాది" అన్నాడు. నిన్ను నర్సింగ్‌హోంకు తీసుకుపోయాను. ఆ నర్సింగ్‌హోం ఇప్పుడు లేదు, బట్టల కొట్టు ఉంది అక్కడ.

నీకు మత్తు ఇచ్చాక నర్సు కాగితం తెచ్చింది. "అవి గూడా తీసేస్తే మళ్ళా గడ్డలనే మాటే ఉండదు. సంతకం పెట్టమ్మా" అంది. ఓబుళేశు లోడుతో బళ్ళారిలో ఉన్నాడు. అవి ఎందుకుంటాయి, తీస్తే ఏమవుతుంది అని నేను ఒక్క మాట అడగలేదు. అడిగితే ఈ టీచరుకు ఇది కూడా తెలియదా అనుకుంటారని. ఏం అంతస్తు ఏడ్చిందో నాకు! పెన్ను తీసుకుని పేరు రాశాను.

తర్వాత ఆరు నెలలకు నీకు ఒళ్ళంతా ఆవిర్లు, జనవరి చలిలో బండల మీద పడుకునేదానివి. ఆపరేషన్ వేడిలే, మజ్జిగ తాగు అన్నాను. నీకు బాగైందని చెప్పి ఊర్లో ఇంకా పదకొండు మందిని పంపాను. ఇప్పుడు వాళ్ళలో ఒకతైన ఉరుకుందు పెళ్ళాం నలభై ఎనిమిదేళ్ళకే నడుము వంగి నేలను చూస్తూ నడుస్తుంది. వీధిలో ఆమె ఎదురైతే నేను ఇంట్లోకి వచ్చేస్తాను.

నువ్వు కాగితాలు అడిగినప్పుడు అబద్ధం రాశాను. నువ్వు నన్ను ఏ కళ్ళతో చూస్తావోనని రాశాను. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చాను.

శివానికి చెప్పు, పెద్దమ్మ వద్దంది అని. ముట్టు ఎక్కువైతే మాత్రలున్నాయి, వేరే వైద్యాలున్నాయి, ముందు అవన్నీ చూడమను. ఒకవేళ తీయక తప్పకపోయినా అండాశయాలు ముట్టనివ్వొద్దని చెప్పు.

నన్ను తిట్టు. కానీ ముందు దాన్ని ఆపు.

నీకు ముఖం చూపలేని
అక్క


ఎర్రగుంట్ల,
14 నవంబరు 2024

అక్కకు,

నీ ఉత్తరం మంగళవారం వచ్చిందట. నేను నిన్న సాయంత్రం డోన్ నుంచి వచ్చి చూశాను.

సోమవారం శివానిని లోపలికి తీసుకుపోయారు. హనుమేష్ రక్తం సీసా కోసం పరుగెత్తాడు. నర్సు నా దగ్గరికి వచ్చింది. "అవి గూడా తీసేయమంటారామ్మా? మళ్ళా దిగులుండదు" అంది. నాకు కడప డాక్టరమ్మ మాట గుర్తొచ్చింది. ఆ వెంటనే నీ మాట కూడా. నాకు అవి ఉన్నాయనుకున్నాను కదా. ఉండి నన్ను ఏం ఉద్ధరించాయి అనుకున్నాను. సంతకం నేనే పెట్టాను. వంకరపోయిన ఎడమ చేత్తో కాగితం అదిమి పట్టుకుని, కుడిచేత్తో రాశాను.

రెండూ తీసేశారు.

పదిహేడేళ్ళ కిందటి నీ సంతకం మీద నాకు కోపం లేదు. చదువుతుండగానే పోయింది. ఆ కొట్టంలోంచి నన్ను బయటికి లాగాలని చూసిన మనిషివి నువ్వొక్కదానివే. నువ్వు అడగనట్టే నేనూ అడగలేదు. ఆ మాటకొస్తే ఈ చేత్తో నేను చేసిందీ అదే.

కానీ అక్కా, ఉత్తరం మీద తేదీ నాలుగు. కవరు మీద కోయిలకుంట్ల పోస్టాఫీసు ముద్ర తొమ్మిది. ముందు ఆపించు, తర్వాత చదువు అని రాసిన ఉత్తరం ఐదు రోజులు ఎక్కడుంది? నీ దిండు కిందా? నాలుగో తేదీనే డబ్బాలో వేసుంటే ఏడుకో ఎనిమిదికో నా చేతిలో ఉండేది. అంత సిగ్గయితే ఉరుకుందు చేత ఫోన్ చేయించి ఒక్క ముక్క చెప్పించి ఉంటే సరిపోయేది, "ఆపరేషన్ వద్దు" అని. వీధి వింటే విననీ. ఆ ఐదు రోజులను నేను క్షమించలేకపోతున్నాను. ప్రయత్నించాను, నా వల్ల కాలేదు.

ఈ పొద్దున కడప డాక్టరమ్మతో మాట్లాడాను. శివాని వయసు చిన్నది కాబట్టి ఇంకా చేయగలిగింది ఉంది అంది. పరీక్షలు చేసి, పడేట్టుంటే యాభై ఏళ్ళు వచ్చేదాకా హార్మోను మందులు వాడాలట. క్యాల్షియం, డి విటమిను, రోజూ బరువుతో వ్యాయామం, ఎముకల పరీక్ష. ఆలస్యం చేయకుండా మొదలుపెడితే ఎముకలను కాపాడుకోవచ్చంది. నాకు ఆ సమయం దొరకలేదు, దానికి దొరికింది.

శివానికి ఫోన్ చేసి చెప్పాను. నవ్వింది. "పీడ పోయిందని నేను సంబరపడతాంటే మళ్ళా ఇరవై ఏండ్లు మాత్రలేందిమా? పెద్దమ్మ నీకేమన్నా మాత్రలు మింగిచ్చిందా?" అని పెట్టేసింది. దానికి ఏమేం తీశారో, ఎందుకు తీశారో చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. చెప్పినా నా మాట నమ్మదు.

డోన్‌లో రైల్వే స్టేషన్ వెనకే వాళ్ళ ఇల్లు. కోయిలకుంట్ల నుంచి పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి చేరతావు. నేనూ అక్కడే ఉంటాను. నీ కాగితాలు తీసుకురా. దాని ముందు కూర్చుని అంతా చెప్పు, నువ్వు పెట్టిన సంతకం, నేను పెట్టిన సంతకం, మధ్యలో ఆ ఐదు రోజులు. ఏడ్చినా, తిట్టినా, పొమ్మన్నా మందులు మొదలుపెట్టేదాకా అక్కడే ఉండు.

ఈ ఉత్తరానికి జవాబు రాయొద్దు. బయలుదేరు.

శివలీల