అరవై ఆరో డిగ్రీ దగ్గర

ఆత్మకూరు,
12-3-1954

అక్కకు నమస్కారాలు. నా చెయ్యి కాలిందని బావ చెప్పుంటాడు, భయపడొద్దు, రెండు వేళ్లే. బడి విడిచినాక కార్బాలిక్ యాసిడ్‌లో నీళ్లు కలిపి వేడిచేసినాను. పాలమాదిరి ఉన్నది అరవై ఆరు డిగ్రీల దగ్గర తేటగా అయింది. చల్లారేటప్పుడు మళ్లీ అదే డిగ్రీ దగ్గర, రెప్పపాటులో గాజుగొట్టం నిండా మబ్బు కమ్మింది, మన ఉదయగిరి కొండ మీద దిగినట్టు. దాన్నే చూస్తా వేళ్ల మీద ఒలకబోసుకున్నాను. "అయ్యవారూ, చెయ్యి తెల్లబడిందే" అని బడి బంట్రోతు అన్నదాకా నాకు తెలియలేదు, ఆ యాసిడ్ తగిలినచోట తిమ్మిరెక్కిపోతుంది.

ముందు తీసిన ఇట్లాంటి కొలతలు పంపితే మద్రాసు ప్రొఫెసరుగారు "జూన్‌లో వచ్చి నా దగ్గర ఇదే పని చెయ్యి" అని రాసినారు. నాయనేమో ఉద్యోగం మాని అంగడి చూసుకోమంటాడు. నువ్వే ఆయనకు నచ్చజెప్పాల.

నెయ్యి పేరుకునేది ముందు గిన్నె అంచునా, నడుమనా? అవ్వని అడిగి రాయి. అరవయ్యేళ్లుగా చూస్తా ఉండాది. బావ మోకాలి నొప్పి తగ్గిందా? పాత దుప్పటి ఒకటి బస్సులో పంపు.

నాయన వద్దంటే వచ్చి అంగట్లో కూర్చుంటాను. ఆ వద్దనే మాట మాత్రం నువ్వు రాయొద్దక్కా, ఆయన్నే తన చేత్తో రాయమను. పిల్లలకు నా దీవెనలు.

నీ తమ్ముడు,
పెంచలనరసింహం