వంటింటి వైపు స్టేషన్

11 జూన్ 2024, మక్తల్

ఇవాళ మళ్లీ మా ఆయన్ని రైలు పట్టాల మీంచి తీసుకొచ్చారు. గ్యాంగ్‌మన్ సాయిలు చెయ్యి పట్టుకొని మా ఇంటి గేటు దాకా నడిపించుకొచ్చాడు. సార్ పట్టాల నడుమ నిలవడి పచ్చ తువ్వాల ఊపుతాండమ్మా, గూడ్సు డ్రైవర్ దూరంకెళ్లే చూసిండు గనుక బతికిండు, జర పైలం అన్నాడు.

స్టేషన్ మాస్టర్ శ్రీశైలం గారు రిటైరై చాలా ఏళ్లయింది. ఆ సంగతి మరిచిపోయారు. నన్నూ మరిచిపోయారు. డ్యూటీ మాత్రం గుర్తుంది.

గేటుకు తాళం వేస్తే తలతో కొట్టుకుంటున్నారు. నుదురు చిట్లింది.

15 జూన్

దివాకర్ ఫోన్ చేశాడు. నాయినను యాడనన్న హోంల పెడుదామమ్మా, నీకెందుకు గీ గోస అన్నాడు. నా గోస మీద నా కొడుక్కి ఇంత జాలి ఉందని ఇన్నాళ్లూ తెలియలేదు. వెనక నుంచి మనవరాలు అనూహ్య, అవ్వా, తాతకు ఇంట్లనే రైలు పెట్టరాదూ అని అరిచింది. ఆన్‌లైన్‌లో బొమ్మ రైలుకు ఆర్డర్ కూడా పెట్టేసింది.

23 జూన్

డబ్బా వచ్చింది. ఒక ఇంజను, మూడు పెట్టెలు, పట్టాలు, కంట్రోలర్. పాత మంచం మీద ప్లైవుడ్ పరిచి గుడ్డు ఆకారంలో లైను బిగించాను. జాగా చాలక మూల దగ్గర వంపు మరీ బిగించి తిప్పాను. అక్కడికి రాగానే మూడు పెట్టెలూ పల్టీ. హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరైనదాన్ని. అపకేంద్ర బలం రాదని ఎందరి చెవులు మెలిపెట్టానో.

ఆయన వచ్చి చూశారు. ఏ పోరి ఏసింది గీ లైను, సస్పెండ్ చెయ్యిండ్రి అన్నారు.

24 జూన్

సస్పెండైన పోరి వంట చేసింది.

2 జూలై

నేల నిజంగా ఉండాలని చెలకలోంచి ఎర్రమట్టి తెప్పించి, జల్లించి, జిగురు నీళ్లతో పట్టాల పక్కన అతికించాను. ఇంజను కాసేపు తిరిగి మూలిగి ఆగిపోయింది. విప్పి చూస్తే మోటారు అయస్కాంతానికి మట్టిలోని ఇనుప రజను మీసాల్లా పట్టింది. అయస్కాంతం పాఠం కూడా నేనే చెప్పేదాన్ని. మట్టంతా గీకేసి, రంపపు పొట్టుకు రంగు కలిపి చల్లాను.

9 జూలై, ఉదయం

రైలు తిరిగింది. ఆయన తిరగనివ్వలేదు. కంట్రోలర్ మీద చెయ్యి పెట్టి, ముంగట స్టేషన్ సరే అనకుండ బండెట్ల ఇడుస్తరు, లైన్ క్లియర్ కావాలె, లేకుంటె రెండు బండ్లు గుద్దుకుంటయి అన్నారు. ఉన్నది ఒక్క బండే కదా అన్నాను. నీకేం ఎరుక అన్నారు.

సాయంత్రం

వంటింటి గుమ్మం వైపు అట్టముక్కలతో ఇంకో స్టేషన్ కట్టాను. దానికి మాస్టర్‌ని నేనే. ఆయన పాడైన ల్యాండ్‌లైన్ రిసీవర్ ఎత్తి, లైన్ క్లియర్ ఇస్తవా అమ్మా అని అరుస్తారు. పప్పుకు పోపు వేస్తూ ఇచ్చాను అంటాను. అప్పుడు బండి వదులుతారు.

బదిలీలు, పొలం అమ్మకం, కొడుకు పెళ్లి, దేనికీ నన్ను అడగని మనిషి. ఇవాళ గేటు వైపు చూడలేదు.

28 జూలై

స్నానం చేస్తున్నా లైన్ క్లియర్ ఇవ్వాలి. ఆలస్యమైతే, పన్నవా, రిపోర్ట్ రాస్త అని బెదిరింపు. పక్కింటి నర్సింగమ్మ వచ్చి, నీ పెనిమిటి ఎంత మంచిగ కూసున్నడే కౌసల్యా, అదృష్టమంతురాలివి అంది. ఆమెకు టీ ఇవ్వలేదు.

17 ఆగస్టు

జ్వరం. లేచి ఇచ్చాను.

19 ఆగస్టు

పొద్దున ఆయన, ఏం మనిషివమ్మా, అచ్చం మా ఇంటామె లెక్కనే ఉన్నవ్, పిలిస్తె పలుకవు అన్నారు.

నేను పోయి గేటు తాళం తీశాను. రెండు రెక్కలూ బార్లా తెరిచాను. గదిలోకి వచ్చి తలుపేసుకొని పడుకున్నాను. పోతే పోనీ అనుకున్నాను. ఎక్కడికి పోతారో తెలిసే అనుకున్నాను. గూడ్సు కూత వినబడింది. లేవలేదు.

బయటికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. గేటు తెరిచే ఉంది. వరండాలో వీధికుక్క పడుకుంది. ఆయన రైలు మంచం పక్కన రిసీవర్ చెవికి పెట్టుకొని కూర్చునే ఉన్నారు. పంచె తడిసిపోయింది. పళ్లెంలో ఉప్మాకు చీమలు పట్టాయి. నువ్వు లైన్ క్లియర్ ఇయ్యకపోతివి, స్టేషన్ ఇడిసి యాడికి పోతనమ్మా అన్నారు.

ఇచ్చాను. పంచె మార్చాను.

2 సెప్టెంబర్

కూరగాయలకు బజారు దాకా పోయొస్తానని నేను లైన్ క్లియర్ అడిగాను. ఇవ్వలేదు.