బాపుకు ఎక్కించిన మందు

జూన్ 9
బాపుకు గుండెపోటు. చెల్పూర్‌లో పొలం గట్టు మీదే కూలబడ్డాడట. తమ్ముడు శ్రీను భూపాలపల్లిలో ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. నేనేమో మహబూబాబాద్‌లో, వార్డు డ్యూటీలో. నర్సునై ఉండి ఫోన్ పట్టుకొని నిలబడ్డాను.
"రక్తం గడ్డ కరిగే మందిచ్చిండ్రక్కా. నొప్పి తగ్గింది."
ఏ మందో అడగలేదు.

జూన్ 10
భూపాలపల్లి. బాపు నన్ను చూసి నవ్వాడు. కేసు షీటులో — టెనెక్టెప్లేస్. కొత్త మందు, పాతదానికన్నా ఎన్నో రెట్లు ఖరీదు. బిల్లులోనూ అదే. హమ్మయ్య.
మరి శ్రీను మాట? "గంట సేపు సీసా ఎక్కిందక్కా. నడుమ బీపీ పడిపోయిందని జరసేపు ఆపిండ్రు గూడ."
టెనెక్టెప్లేస్ ఒక్క సూది. క్షణాల్లో అయిపోతుంది. గంట పాటు ఎక్కేది పాతది, స్ట్రెప్టోకినేస్. బీపీ ఎక్కువగా పడేదీ దానికే.

జూన్ 11
డాక్టర్‌ను అడిగాను. "రాసిందే ఇచ్చినమమ్మా. సీసాల సెలైన్ అయి ఉంటది."
కావచ్చు... మేమైతే మందు సీసా మీది చీటీ తీసి షీటుకు అంటిస్తాం. ఇక్కడ చీటీ లేదు.
అక్కడి నర్సు — "నేనా డ్యూటీల లేనక్కా."
మందు రాసిన చోట సంతకం ఆమెదే.

జూన్ 13
బాపును జనగామకు, అక్క ఇంటికి తెచ్చాం. అక్క కసురుకుంది. "బతికిండు గదనే. ఏ మందయితే ఏంది?"
పాతదీ ప్రాణం నిలబెడుతుంది. ఎందరికో నా చేత్తోనే ఎక్కించాను. కానీ ఒకసారి ఎక్కితే ఒళ్లు దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. మళ్లీ ఇస్తే పనిచేయకపోవచ్చు, వికటించవచ్చు. డిశ్చార్జి కాగితంలోనూ టెనెక్టెప్లేస్ అనే ఉంది. దాన్ని నమ్మి రేపెవరైనా పాతది ఎక్కిస్తే?

జూన్ 14
ఒకటి ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు శ్రీను దగ్గర ఫోన్ తీసుకొని డాక్టర్ నాతో మాట్లాడాడు. "ఏదుంటే అదియ్యుండ్రి సార్, ఆలస్యం చెయ్యకుండ్రి" — అన్నది నేనే.
ఇప్పుడైనా అదే అంటాను. మరి వాళ్లు దాచడం ఎందుకు?

జూన్ 15
డిశ్చార్జి కాగితం మీద ఎర్ర సిరాతో రాశాను: స్ట్రెప్టోకినేస్ ఇచ్చి ఉండవచ్చు. మళ్లీ ఇవ్వవద్దు.
బాపు చూశాడు. "గంత అనుమానమా బిడ్డా?"
అవును.

జూన్ 16
పొద్దున పదింటికి ఫోన్. ఆ నర్సే.
"బాపు మంచిగున్నడా అక్కా?"
"ఆ రోజు ఏ మందు ఎక్కించినవ్ చెల్లే?"
గొంతు తగ్గించి — "మళ్ల నొప్పొస్తే మా కాడికి తీసుకరాకుండ్రి."
పెట్టేసింది. తిరిగి చేస్తే స్విచాఫ్.