పాత సున్నా, కొత్త సున్నా

మంగళవారం రాత్రి, ఏలూరు

ఈరోజంతా ఒక మనిషిని దొంగలా చూశాను. కొల్లేరు గట్టున ఉన్న పాత సర్వే రాయిని శాటిలైట్ యంత్రంతో కొలిస్తే, రికార్డులో ఉన్న ఎత్తుకంటే జానెడు తక్కువ వచ్చింది. కొల్లేరులో ఒక నిర్ణీత ఎత్తుకు దిగువనున్న నేలంతా అభయారణ్యమే, అందులో చేపల చెరువులు ఉండకూడదు. ఈ జానెడు లెక్కన పక్కనున్న సూర్యారావుగారి చేపల చెరువు అభయారణ్యం హద్దు లోపలికి పోతుంది. గట్లు కొట్టేయాల్సిందే. పాత కొలతలు ఆ రాయి నుంచే తీసేవారు కాబట్టి, రాయి దిగితే చెరువు ఎత్తుగా కనబడుతుందని ఆయనే దాన్ని లోతుకు దించారేమో అనుకున్నాను.

"రాయిని ఎవరైనా కదిపారా అండీ?"

"దాన్ని ముట్టుకోవాలంటేనే భయమండీ మాకు," అంటూ సూర్యారావుగారు కొబ్బరిబోండం ఇచ్చారు. అది కూడా అనుమానంగానే తాగాను.

నమ్మలేక, రికార్డులో ఎత్తులున్న ఊరి బడి మెట్టు, వంతెన అంచు కూడా కొలిచాను. అన్నీ అదే జానెడు తక్కువ. రాయి దిగలేదు. కొత్త పద్ధతిలో ఎత్తులు లెక్కపెట్టడం మొదలుపెట్టే సున్నాయే, అంటే సముద్రమట్టంగా తీసుకునే గీతే, మారింది. హద్దు మాత్రం పాత సున్నా మీద గీసినది.

ఆ మాటే ఆయనకు చెప్పాను.

"నేల దిగలేదు, నీళ్ళు పెరగలేదు. మరి మా చెరువెలా పోతుందండీ, మేడంగారూ?"

సాయంత్రం మా ఆఫీసరుగారికి ఫోన్ చేసి, హద్దును కూడా కొత్త సున్నాకు సరిచేయాలి కదండీ అన్నాను. ఆయన గొంతు తగ్గించారు.

"అవన్నీ ఫోనులో ఎందుకమ్మా? కొత్త అంకెలు మాత్రం పంపించండి."

అంటే ఆయనకు ముందే తెలుసా? ఆ చెరువు మీద ఇంకెవరి కన్నైనా ఉందా?

రెండు సున్నాల తేడానూ రిపోర్టు మొదటి పేజీలోనే రాసి పంపేశాను. రేపటికి ఈ పని నా చేతిలో ఉంటుందో లేదో...