మీరు పెట్టిన ఆఖరి చుక్క

ఏవండీ,

మీరు వెళ్లి ఇవాళ్టికి ఏడాది. మధ్యాహ్నానికి సంవత్సరీకం ముగిసింది. మీ తమ్ముడు ఇంకా వరండాలోనే కూర్చున్నాడు. మన కొబ్బరితోటని రొయ్యల చెరువుకి లీజుకిస్తామో లేదో సాయంత్రంలోగా చెప్పాలట.

"బావి ఉప్పెక్కిపోతుంటే ఇంకా తోటేంటి వదినా? అన్నయ్య ఉప్పు లెక్కల గీతే చెబుతోంది కదండీ" అన్నాడు.

నెలనెలా బావి నీళ్లలో ఉప్పు కొలిచి మీరు నింపిన ఎక్సెల్ షీటు తెరిచాను. అంకెల పోకడ చూపే ట్రెండ్‌లైన్ గీతని ముందుకు పొడిగిస్తే, మూడేళ్లలో కొబ్బరి తట్టుకోలేనంత ఉప్పు. వంపు గీత పెట్టి చూశాను. అది ఇంకా నిటారుగా లేచింది. చివరికి మీ ఆఖరి అంకె, గ్రాఫులో ఆ ఆఖరి చుక్క, తీసేశాను. గీత దాదాపు నేలకి ఒరిగింది. తోట బతికింది.

ఆ అంకె లెక్కలోకి రాదని నాకు తెలుసు. వేసవిలో కాలువలకి నీళ్లు కట్టేసిన రోజుల్లో బావి ఎప్పుడూ ఉప్పగానే ఉంటుందని, అప్పుడు కొలవకూడదని నియమం పెట్టింది మీరే. అయినా ఆ ఆఖరి నెల, కాలువలు కట్టేసి ఉన్నా, నా భుజం పట్టుకుని బావి దాకా నడిచి కొలిచారు. "కాలువ వదిలాక కొలవచ్చు కదండీ" అంటే, "అప్పుడు నువ్వు కొలుద్దువుగానిలే" అన్నారు.

నేను కొలవలేదు. ఒక్కసారి కూడా కొలవలేదు. ఇప్పుడు కొలుద్దామంటే మళ్లీ కాలువలు కట్టేసి ఉన్నాయి.

ఆ అంకె లేని షీటు మీ తమ్ముడికి చూపిస్తే చాలు. కానీ అది లేకపోతే, మీరు ఒక నెల ముందే పోయినట్టుంది. షీటు మూసేటప్పుడు సేవ్ చేయాలా అని కంప్యూటర్ అడిగితే వద్దని నొక్కాను. తెరిచి చూస్తే గీత మళ్లీ లేచి ఉంది.

"వదినా, చెరువు వాళ్లకేం చెప్పమంటారు?" అని మీ తమ్ముడు పిలుస్తున్నాడు.

ఏం చెప్పమంటారండీ?